తీసివేతల లెక్క

పిల్లలూ, ఈ నెల మీకు ఒక లెక్క ఇస్తున్నాను. ఇది అంకెల లెక్క కాదు, గీతల లెక్క. ఒక బొమ్మలో నుంచి ఎన్ని గీతలు తీసివేయవచ్చు? ఎక్కడ ఆగాలి?

మన అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి గుడికి పోవాలంటే ఎగువ అహోబిలం నుంచి అడవిలో నడవాలి గదా! ఆ దారి చీలే చోట బండమీద ఒక గుర్తు వేయమని మీలో ఇద్దరికి సున్నమూ కుంచే ఇచ్చారనుకోండి. మొదటివాడు ఒక నెమలిని గీసి, చుట్టూ పూలతీగ అల్లి, కింద నాలుగు వరుసల స్వాగతం రాశాడు. రెండవవాడు ఒక్క బాణం గీసి ఊరుకున్నాడు. పొద్దు వాలే వేళకు తెలుగు రాని యాత్రికుడొకడు అక్కడికి వచ్చాడు. అతనికి అక్కరకు వచ్చేది ఏది? బాణమే! నెమలి ఎంత అందంగా ఉన్నా దారి చెప్పదు.

సరే, ఇంకా తగ్గిద్దామని ఆ బాణానికి మొన కూడా తీసేశామనుకోండి. ఒట్టి గీత మిగులుతుంది. అది ఎటు పొమ్మంటున్నదో ఎవరికీ తెలియదు. పాపం, యాత్రికుడు అడవిలో చిక్కుకుంటాడు. చూశారా? తీసివేతకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు ఎరిగినవాడే నేర్పరి.

అటువంటి నేర్పరి మన తెలుగువారిలో ఒకరుండేవారు. ఆయన పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. అలా చెబితే మీకు తెలియకపోవచ్చు. బాపు అంటే మాత్రం మీ ఇంట్లో పెద్దలందరికీ తెలుసు. ఆయన 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. 1955లో మదరాసు విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. కాని కోర్టుకు పోలేదు, కుంచె పట్టుకున్నారు. పత్రికలకు వ్యంగ్యచిత్రాలు, కథలకు బొమ్మలు, పుస్తకాలకు అట్టలు ఎన్నెన్నో గీశారు. స్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణగారు సృష్టించిన అల్లరి పిడుగు ‘బుడుగు’కు రూపమిచ్చింది ఆయనే. 1967లో ‘సాక్షి’తో సినిమా దర్శకులయ్యారు. సినిమా తీసేముందు దృశ్యాలను బొమ్మలుగా గీసుకొనేవారు. 2013లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న మదరాసులోనే, అంటే నేటి చెన్నైలో, కన్నుమూశారు.

బాపు బొమ్మ ఎక్కడైనా దొరికితే వేలు పెట్టి గీతలు లెక్కపెట్టండి. ఎంత తక్కువో చూసి ఆశ్చర్యపోతారు. జడ ఒక వంపు, నడుము ఒక వంపు, పెద్ద కన్ను ఒకటి. అంతే, అమ్మాయి నిలబడి మాట్లాడుతున్నట్లుంటుంది! మిగిలినదంతా తెల్లకాగితమే. ఆ ఖాళీని మన మనసే నింపుకొంటుంది.

ఆయన చేతిరాత కూడా అంతే సొగసు. దాన్ని బట్టి తయారైన అక్షరాలు కంప్యూటరులోకి కూడా ఎక్కాయి. అక్షరాల దగ్గర మన లెక్క మరీ కఠినంగా ఉంటుంది. ‘ద’కు కింద చిన్న గీత పెడితే ‘ధ’ అవుతుంది. నడుమ ఒక చుక్క కూడా పెడితే ‘థ’ అవుతుంది. ‘ధార’ అంటే నీటి ధార, ‘దార’ అంటే భార్య. చీమతలంత గీత పోతే ఏరు కాస్తా ఇల్లాలైపోతుంది! అక్షరానికి ఎన్ని సొగసులైనా తీసివేయవచ్చు గాని, ఆ చిన్న గీతను తీయరాదు.

ఇదే లెక్క ఇటలీ దేశంలో మరొకాయన వస్తువులతో చేశాడు. ఆయన పేరు బ్రూనో మునారి. 1907లో మిలాను నగరంలో పుట్టి, 1998లో అక్కడే మరణించాడు. పిల్లలకోసం చిత్రమైన పుస్తకాలు చేశాడు. 1964లో ఆయన మేజోళ్ళు నేసే సాగే బట్టను గొట్టంలాగా తీసుకొని, లోపల చిన్నా పెద్దా లోహపు వలయాలు అమర్చి, పైనుంచి వేలాడదీశాడు. అది అందమైన దీపపు తొడుగైంది! దానికి ఆకారమిచ్చింది ఎవరు? భూమ్యాకర్షణే. బరువు కిందికి లాగుతుంది, బట్ట సాగుతుంది. వలయం ఉన్నచోట ఉబ్బుతుంది, రెండు వలయాల నడుమ సన్నబడుతుంది. పని అయిపోతే మడిచి చిన్న పెట్టెలో పెట్టవచ్చు. ప్రకృతి ఊరికే చేసిపెట్టే పనిని మనం కష్టపడి చేయనక్కర లేదన్నమాట.

మీరూ చేసి చూడండి. పాత మేజోడు ఒకటి అడిగి తీసుకొని, వేళ్ళ వైపు కొస కత్తిరించండి. లోపల చిన్న గాజు ఒకటి, పెద్ద గాజు ఒకటి, మళ్ళీ చిన్నది ఒకటి ఎడంగా దూర్చండి. దారం కట్టి వేలాడదీస్తే వంపులు వాటంతట అవే వస్తాయి. లోపల దీపం మాత్రం పెట్టకండి. బట్ట అంటుకుంటుంది సుమా!

ఆ తరువాత పలకమీద ఇరవై గీతలతో ఒక పిల్లిని గీయండి. ఒక్కొక్క గీతా చెరుపుతూ, ప్రతిసారీ మీ చెల్లాయిని “ఇదేమిటే?” అని అడగండి. “పిల్లి” అన్నంతసేపు చెరపండి. “తెలియదు” అనగానే, ఆఖరున చెరిపిన గీతను మళ్ళీ పెట్టండి. మీకు ఎన్ని గీతలు మిగిలాయి?