ఇంటి పెరట్లో ఫైబర్ బంపర్లు: ఉపాధి సరే, భద్రత మాటేమిటి?

పగిలిన కారు బంపరు, విరిగిన మడ్‌గార్డు, తుప్పు తిన్న ట్రాక్టరు బానెట్టు మార్చాలంటే ఒకప్పుడు కంపెనీ షాపుకో, విజయవాడ ఆటోనగర్‌కో పరుగెత్తవలసిందే. అదే భాగాన్ని ఇప్పుడు ఇంటి పెరట్లోనే అచ్చు తీసి ఫైబర్ గ్లాసుతో తయారు చేయవచ్చు. పెద్ద యంత్రాలు అక్కరలేదు. డబ్బాడు రెసిన్, గాజు నారతో చేసిన మ్యాటు, ఒక బ్రష్షు, ఒక రోలరు ఉంటే పని మొదలవుతుంది. చదువు మధ్యలో ఆగిపోయిన కుర్రవాళ్ళకు ఇది మంచి ఉపాధే. అయితే ఏ భాగం చేయవచ్చు, ఏది చేయకూడదు అన్న విచక్షణ లేకపోతే చేసినవాడికీ, కొన్నవాడికీ, రోడ్డున పోయేవాడికీ ముప్పు తప్పదు.

కొత్త విద్య కాదు

ఫైబర్ పని కోస్తా పల్లెలకు కొత్త కాదు. ముఖ్యంగా 2004 సునామీ తర్వాత తీరం వెంట కర్ర తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. ఆ బోటును చేసేదీ అచ్చులోనే. కార్ల విషయానికి వస్తే అమెరికాలో 1953లో షెవ్రోలె కంపెనీ కార్వెట్ అనే కారును ఫైబర్ బాడీతో తెచ్చింది. ఆ ఏడాది 300 కార్లు తయారయ్యాయి. మన దేశంలో బెంగుళూరు నుంచి 1982లో వచ్చిన సిపాని డాల్ఫిన్ కారుది కూడా ఫైబర్ బాడీయే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ రెండు కార్లకూ పైతొడుగు మాత్రమే ఫైబర్. బరువు మోసేది, గుద్దుకుంటే దెబ్బ తినేది అడుగున ఉన్న ఉక్కు చట్రం. నేటి చిక్కంతా ఈ తేడా తెలియకపోవడం వల్లనే వస్తోంది.

పని జరిగే తీరు

ముందుగా దెబ్బ తినని అసలు భాగాన్ని తీసుకుని నాలుగైదు సార్లు మైనం పట్టించి మెరుగు పెడతారు. దానిపై జెల్‌కోటు పూసి, అది వేలికి జిగురుగా తగులుతూ అంటకుండా ఉన్న దశలో రెసిన్‌తో తడిపిన మ్యాటును పొరలు పొరలుగా పరుస్తారు. గట్టిపడ్డాక ఊడదీస్తే అచ్చు సిద్ధం. అచ్చు వంకర పోకుండా వస్తువు కంటే మందంగా పోసి, వెనుక కర్ర బద్దలు కట్టాలి. తర్వాత అచ్చు లోపల మైనం రాసి, అదే వరుసలో పని చేస్తే కొత్త భాగం వస్తుంది. ఒక్క అచ్చుతో పదుల సంఖ్యలో భాగాలు తీయవచ్చు. కంపెనీవారు ప్లాస్టిక్ బంపరు చేయాలంటే ఉక్కు అచ్చుకే లక్షలు పోయాలి. పెరటి పని చవక కావడానికి కారణం ఇదే.

రెసిన్‌లో హార్డ్‌నరు సాధారణంగా నూటికి ఒకటి, రెండు పాళ్ళు మించకూడదు. కొలవకుండా చేతి వాటంగా పోస్తే, మన మే నెల ఎండకు రెసిన్ బ్రష్షులోనే బిగుసుకుపోతుంది. గాలి బుడగలు రోలరుతో వెళ్ళగొట్టకపోతే అక్కడే పగుళ్ళు మొదలవుతాయి.

చిక్కు ఎక్కడ?

నేటి కార్లలో బయటికి కనిపించే బంపరు ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. దాని వెనుక దెబ్బను తీసుకునే అడ్డకమ్మీ ఉంటుంది. ఆ కమ్మీ తీసేసి, "ఫైబర్ మందంగా పోశాం, చాలు" అనుకుంటే పొరపాటు. ప్లాస్టిక్ కొంత వంగి తిరిగి వస్తుంది. ఫైబర్ వంగదు, పగులుతుంది. పగిలిన అంచు కత్తిలా ఉంటుంది. తగిలేది సైకిలు మీద పోయేవాడికో, బడి నుంచి వచ్చే పిల్లవాడికో కావచ్చు. బానెట్టు గొళ్ళెం దగ్గర ఇనుప బిళ్ళ కూర్చకుండా పోస్తే, వేగంలో అది ఊడి అద్దం మీదికి లేచే ప్రమాదముంది.

చట్టం కూడా తెలుసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదయ్యే, తయారీదారు నిర్దేశించిన వివరాలు మారేలా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఈ మార్పునే సాకుగా చూపే అవకాశం ఉంది.

చేసేవాడి ఒంటికి

ఈ పనిలో ముందు నలిగేది పనివాడి ఆరోగ్యమే. రెసిన్ నుంచి వచ్చే ఘాటు వాసన స్టైరీన్ ఆవిరిది. తలనొప్పి, తల తిరుగుడు దాని వల్లనే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో స్టైరీన్‌ను మనిషికి బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఈ ఆవిరి గాలి కంటే బరువు కనుక నేల మీద పడుకున్న పిల్లలకే ముందు సోకుతుంది. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆగదు, బొగ్గు గుళికలున్న మాస్కు కావాలి. ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యి, బీడీ దరిదాపుల్లో ఉండరాదు.

హార్డ్‌నరు కంట్లో పడితే చూపు పోవచ్చు. పడిన వెంటనే పావుగంట సేపు నీళ్ళతో కడిగి ఆస్పత్రికి పోవాలి. హార్డ్‌నరును, కోబాల్టును నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ కలపరాదు. కలిపితే భగ్గుమంటాయి. కోబాల్టును ముందు రెసిన్‌లో బాగా కలిపిన తర్వాతే హార్డ్‌నరు పోయాలి. గరుకు పెట్టేటప్పుడు లేచే గాజు ధూళి ఊపిరితిత్తులకు చేటు.

గీత గీయాలి

పని మానుకొమ్మనడం పరిష్కారం కాదు. ట్రాక్టరు మడ్‌గార్డు, ఆటో లోపలి తొడుగులు, పెట్టెల మూతలు, నీటి తొట్లు, పడవల మరమ్మతు వంటివి నిక్షేపంగా చేసుకోవచ్చు. బంపరు వెనుక కమ్మీ, తలుపులు, సీటు పీట, చక్రాలు, బ్రేకు, స్టీరింగులకు సంబంధించిన వాటి జోలికి పోరాదు. గన్నవరం సమీపాన సూరంపల్లిలో ప్లాస్టిక్ పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ ఉంది. ఈ పెరటి పనివారికి పది రోజుల శిక్షణ ఇప్పించే ఆలోచన అధికారులు చేస్తే బాగుంటుంది. అంతవరకు కొనేవారు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "పాత బంపరు వెనుక ఉన్న కమ్మీ తిరిగి బిగించారా, లేదా?"