కీటకపరిశీలనము – లోకశిక్షణము

శాస్త్రవిషయములను జనసామాన్యమునకు బోధించుట పరిశోధనకంటె తక్కువ పని యను అభిప్రాయము విద్యాపీఠములలో బలముగా నాటుకొని యున్నది. వంగదేశీయుడగు గోపాలచంద్ర భట్టాచార్య (1895–1981) జీవితము దీనికి తగిన సమాధానము.

ఫరీద్‌పూరు మండలములోని లోన్‌సింగ్ గ్రామమున పేదకుటుంబములో జన్మించిన ఈయనకు బాల్యముననే పితృవియోగము కలిగెను. కళాశాలవిద్య నడుమనే నిలిచిపోగా స్వగ్రామమున ఉపాధ్యాయుడయ్యెను. కుళ్లిన మొక్కలనుండి వెలువడు కాంతిని గూర్చి ఆయన ‘ప్రవాసి’ పత్రికలో వ్రాసిన వ్యాసము జగదీశచంద్ర బోసు దృష్టి నాకర్షించెను. తత్ఫలితముగా 1921లో కలకత్తాలోని బోసు పరిశోధనమందిరమున ఆయనకు స్థానము లభించెను. ఆయనను ప్రయోగశాలకు చేర్చినది పట్టము గాదు, మాతృభాషలోని వ్యాసము.

చెట్ల ఆకులను దగ్గరకు లాగి, పిల్లపురుగుల నోటినుండి వచ్చు పట్టుదారముతో కలిపి గూళ్లు కట్టు ఎఱ్ఱచీమలను ఆయన ఏండ్ల తరబడి పరిశీలించెను. ఒకటి రాణియై, వేఱొకటి కూలిచీమ యగుటకు పిల్లదశలో దొరకు ఆహారమే కారణమని ప్రయోగపూర్వకముగా ప్రతిపాదించెను. సాలీళ్ల నడవడియు ఆయన కభిమానవిషయమే. ఈ పరిశీలనలనే ఆయన బడి విడిచిన వయోజనులకును తెలియునట్లు వంగభాషలో వ్రాసెను. 1948లో సత్యేంద్రనాథ బోసు స్థాపించిన వంగీయ విజ్ఞాన పరిషత్తు మాసపత్రిక ‘జ్ఞాన్ ఓ బిజ్ఞాన్’కు చిరకాలము సంపాదకత్వము వహించెను. వంగదేశపు కీటకములను గూర్చిన గ్రంథమునకు 1975లో రవీంద్ర పురస్కారము లభించెను. కలకత్తా విశ్వవిద్యాలయపు గౌరవ డాక్టరేటు మాత్రము 1981లో, మరణమునకు కొలది నెలల ముందు, చేరెను.

సులభశైలివలన శాస్త్రము పలుచనగునని కొందఱి ఆక్షేపణ. చూడక చెప్పువాని విషయమున అది సత్యమే. స్వయముగా చూచినవానికి తేటమాట లోపము గాదు. పరిశీలన ఎంత స్పష్టమో దానికది కొలత.

తెలుగునకు ఈ మార్గము క్రొత్త గాదు. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రగ్రంథములను ప్రకటించెను. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము రైతు నోటి మాటలను గ్రంథస్థము చేసెను. ఐనను పాఠ్యగ్రంథకర్తలు సుడిదోమ, పేనుబంక, ఆరుద్రపురుగు వంటి సజీవపదములను విడిచి సంస్కృతసమాసములను కల్పించుటకే మొగ్గుచున్నారు. ఆ పేళ్లలో పురుగు రూపము, నడక, రాకడ కాలము ఇమిడి యున్నవి. వానిని నెఱిగిన వృద్ధులు జీవించి యుండగనే తెలుగుశాఖలు, జంతుశాస్త్రశాఖలు కలిసి పొలములకు వెడలవలెను. అట్లు సేకరించిన మాటలతో వయోజనులకై వ్రాసిన పుస్తకమును పరిశోధనగా గణించుటకు విశ్వవిద్యాలయములు వెనుదీయరాదు.