పికప్ నడిపే రైతుకు బ్యాడ్జి అక్కర్లేదు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయింది. మార్కెట్ చోటు మారింది గానీ సరుకు వచ్చే తీరు మారలేదు. నల్లగొండ బత్తాయి, కొల్లాపూర్ మామిడి ఇప్పటికీ బొలెరో పికప్‌లలో, టాటా ఏస్‌లలో రాత్రంతా ప్రయాణించి తెల్లారేసరికి మార్కెట్‌కు చేరుతున్నాయి. చాలా బండ్లలో స్టీరింగ్ పట్టేది రైతో, రైతు కొడుకో. సీజన్ పొడవునా కిరాయి డ్రైవర్‌ను పెట్టుకునే స్తోమత ఎందరికి ఉంది?

వాళ్ల దగ్గర ఉండేది తేలికపాటి వాహనాల లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ. బండికేమో పసుపు నంబరు ప్లేటు. సరుకు రవాణా బండి కాబట్టి లైసెన్సు మీద ‘ట్రాన్స్‌పోర్ట్’ అనే నమోదు, మనం బ్యాడ్జి అనేది, విడిగా ఉండాలని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చారు. అదే బరువున్న కారు నడిపితే తప్పు లేదు, పికప్‌లో మామిడి పెట్టెలు వేసుకుంటే తప్పు!

ఈ లోటు విలువ ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం తీసుకునేటప్పుడు లైసెన్సు చూడదు. నష్టపరిహారం కట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ‘బ్యాడ్జి లేదు, పాలసీ షరతు తప్పారు’ అంటుంది. బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, ఆ సొమ్ము బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ట్రిబ్యునళ్లు ఆదేశించడం మామూలే. మోటారు వాహనాల చట్టం 174వ సెక్షన్ కింద ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిలాగా రాబట్టవచ్చు. అంటే ఒక్క ముద్ర లేనందుకు ఎసరు వచ్చేది రైతు భూమికి.

ఈ చిక్కు 1994 చట్ట సవరణతో మొదలైంది. అంతకుముందు మధ్యతరహా, భారీ వాహనాలకు విడివిడిగా ఉన్న లైసెన్సు తరగతులను తీసేసి ‘ట్రాన్స్‌పోర్ట్ వాహనం’ అని ఒకే మాట పెట్టారు. చిన్న సరుకు బండి కూడా అందులోకే వస్తుందని ఇన్సూరెన్స్ కంపెనీలు వాదించాయి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను కాదన్నది. అయినా కంపెనీలు వదల్లేదు. 2022లో విషయం రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. 2024 నవంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు: మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చు, విడిగా బ్యాడ్జి అవసరం లేదు. ప్రమాదకర సరుకులు మోసే బండ్లు, ఈ-రిక్షా, ఈ-కార్ట్‌లకు మాత్రం ప్రత్యేక నిబంధనలు ఉంటాయి.

బ్యాడ్జి తీసేస్తే ప్రమాదాలు పెరుగుతాయని అనేవాళ్లున్నారు. ప్రాణాల మాట కాబట్టి తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఎల్‌ఎంవీ లైసెన్సుదారులు ఈ బండ్లు నడపడం వల్లే ప్రమాదాలు పెరిగాయని చూపే లెక్కలేవీ తమ ముందు పెట్టలేదని కోర్టే చెప్పింది. నిద్ర లేకుండా నడపడం, మితిమీరిన లోడు, వెలగని వెనక లైట్లు ప్రాణాలు తీస్తాయి. లైసెన్సు మీద ఇంకో ముద్ర వేస్తే అవి ఆగుతాయా? భద్రతే ముఖ్యమైతే సీజన్‌కు ముందు మండల కేంద్రాల్లో రైతులకు ఉచితంగా శిక్షణ ఇవ్వండి, మార్కెట్‌లో డ్రైవర్లు పడుకునే చోటు చూపండి.

రైతులు కూడా తీర్పు హద్దులు తెలుసుకోవాలి. 7,500 కిలోలంటే బండి, సరుకు కలిపి ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు. టాటా ఏస్ రెండు టన్నుల లోపే, బొలెరో పికప్ మూడు, మూడున్నర టన్నులు. వాటితో ఇబ్బంది లేదు. డీసీఎంల దగ్గరే జాగ్రత్త. కొన్ని ఈ పరిమితి దాటుతాయి, ఆర్‌సీ చూడకుండా తాళం తీసుకోవద్దు. పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిలాగే ఉండాలి. మరో మాట: సరుకు యజమానిగా బండిలో వెళ్లే రైతుకు చట్టం బీమా రక్షణ ఇస్తుంది. దారిలో ఎక్కించుకున్న వాళ్లకు అది లేదు. ట్రాక్టర్ ట్రాలీలో కూలీలను తీసుకెళ్లడం ఇంకా ప్రమాదం. ఆ విషయంలో ఈ తీర్పు మనల్ని కాపాడదు.

తీర్పు వచ్చింది. అది చెక్‌పోస్టు దగ్గర రాత్రి రెండు గంటలకు బండి ఆపిన రైతుకు చేరితేనే ఫలితం. అందుకే మన డిమాండ్లు ఇవి. ప్రతి ఆర్‌టీఏ కార్యాలయంలో, బాటసింగారం మార్కెట్ గేటు దగ్గర ఈ తీర్పు సారాంశాన్ని తెలుగులో బోర్డు పెట్టి ప్రదర్శించాలి. బ్యాడ్జి లేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్‌లు నిలిపివేయకుండా బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు స్పష్టమైన ఆదేశం ఇవ్వాలి. చట్టాన్ని సవరించే ఆలోచన ఉందని కేంద్రం ఆ కేసులోనే కోర్టుకు చెప్పింది. మళ్లీ వివాదానికి చోటు లేకుండా తీర్పులోని మాటనే చట్టంలో రాయాలి.

ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తున్న రైతులు ఈ తీర్పును తమ వకీలుకు చెప్పి దాఖలు చేయించాలి. మండల సంఘాలు అలాంటి కేసుల జాబితా తయారు చేసి వాళ్లకు తోడు నిలవాలి.