రెండో లైను

మా చెల్లెలి కూతురు ఎలక్ట్రికల్ ఇంజనీరు. పని గ్రిడ్ ప్లానింగ్‌లో. చుట్టాలకు అదంతా చెప్పలేక మా చెల్లెలు "కరెంటు ఉద్యోగం" అనేస్తుంది. వెంటనే వాళ్ళు "ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా!" అని బుగ్గలు నొక్కుకుంటారు.

నిజానికి దాని పనంతా లెక్కలతోనే. ఐదేళ్ళ తర్వాత ఫలానా ఊరికి ఎంత కరెంటు కావాలి, సబ్‌స్టేషన్‌లో ఎంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, ఎండాకాలంలో ఏసీలన్నీ ఒక్కసారే వేస్తే ఏ లైను మీద ఎంత భారం పడుతుంది... ఇవన్నీ ముందే చూసుకోవాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెలు వత్తుతూ చెప్పింది. "పెద్దమ్మా, మాకు ఎన్ మైనస్ వన్ అని ఒక నియమం ఉంది. ఏ ఒక్క లైను పోయినా మిగిలినవి ఆ భారం మోయాలి. ఊళ్ళో దీపం ఆరకూడదు." 2012 జూలై 30న బీనా, గ్వాలియర్ మధ్య ఒక లైనును పనుల కోసం ఆపి ఉంచారట. రెండోది ట్రిప్పయ్యేసరికి ఉత్తరాది గ్రిడ్డే కూలిపోయింది. మర్నాడు మళ్ళీ అలాగే జరిగి, 60 కోట్ల మందికి పైగా కరెంటు లేకుండా అయ్యారు.

"ఏమీ పోనప్పుడు రెండో లైను దండగే కదే?" అన్నాను.

"దండగేంటి పెద్దమ్మా? అదీ రోజూ తన వాటా మోస్తూనే ఉంటుంది."

ఆ వారంలోనే దానికో సంబంధం వచ్చింది. మంచివాళ్ళే. "మా అబ్బాయి జీతం చాలు, పెళ్ళయ్యాక అమ్మాయికి ఉద్యోగం ఎందుకు?" అన్నారట. మా చెల్లెలు సగం ఒప్పేసుకుని నన్నడిగింది. "నువ్వూ ఉద్యోగం చెయ్యలేదుగా అక్కా, సుఖంగా లేవూ?"

ఉన్నానండీ, కాదనను. కానీ మా వారు యాక్సిడెంటై నాలుగు నెలలు మంచాన పడ్డప్పుడు, ఇల్లంతా ఒక్క లైను మీదే నడుస్తోందని తెలిసొచ్చింది. చేతిలో తెలుగు బీఏ ఉంది, ఆదాయం లేదు. "ఆ ఏడు మా పిల్లల ఫీజులు కట్టింది నువ్వే కదే" అన్నాను. అది మాట్లాడలేదు.

మనలో ఎంతమందికి అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి తెలుసు? 1919లో మద్రాసులో తెలుగింట పుట్టారు. పదిహేనేళ్ళకే పెళ్ళి. పద్దెనిమిదేళ్ళకు, నాలుగు నెలల పాప ఒళ్ళో ఉండగా భర్త పోయారు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరైన తండ్రి పప్పు సుబ్బారావు గారు కూతుర్ని మూల కూర్చోబెట్టలేదు, అక్కడే ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. 1943లో చదువు పూర్తయింది. తర్వాత కలకత్తాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్లు డిజైన్ చేశారు, భాక్రా నంగల్ జనరేటర్ల పనీ చూశారు. పాపను పెంచుకున్నారు. మన పిల్ల చేసే పని ఆ రోజుల్లోనే ఒక తెలుగావిడ చేసిందన్నమాట.

లలిత గారికి ఆ చదువు కష్టం వచ్చాక అందింది. మన పిల్లలకు ముందే ఉంది. చేతిలో ఉన్నదాన్ని పెళ్ళి పేరుతో ఎందుకు తీసేయడం? ఆడపిల్ల ఉద్యోగం ఆపదకు దాచుకున్న డబ్బు మాత్రమే కాదు. మొగుడి సంపాదన ఎంతున్నా అది రోజూ తన వాటా మోస్తుంది, అవతలివాడి భుజమూ తేలికవుతుంది.

ఉద్యోగం మానదని మా చెల్లెలు పెళ్ళివారికి చెప్పేసింది. వాళ్ళు ఆలోచించి చెప్తామన్నారు. ఆలోచించనివ్వండి. పిల్ల మాత్రం సోమవారం ఆఫీసుకు వెళ్ళింది.