కొత్త భాష కట్టాక మిగిలే పని

సీ, జావా, పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాషలు ఏ పనికైనా అక్కరకు వచ్చేవి కాగా, ఒక్క రంగపు అవసరాలకే పరిమితమై, ఆ రంగంలోనివారు నిత్యం వాడే భావనలనే పదజాలంగా చేసుకున్న భాషను రంగనిర్దిష్ట భాష అంటారు. డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే ఎస్‌క్యూఎల్, గణిత గ్రంథాలను అచ్చుకు కూర్చే టెక్ ఈ కోవలోవే. 1986లో జాన్ బెంట్లీ వీటిని 'చిన్న భాషలు' అంటూ వ్యాసం రాసిన తరువాత విశ్వవిద్యాలయాలలో ఇటువంటివి విరివిగా పుట్టుకొచ్చాయి.

ఇటువంటి భాషల పరిశోధన ఎంత సాధించగలదో చెప్పడానికి హేలైడ్ చాలు. ఎంఐటీకి చెందిన జొనాథన్ రాగన్-కెల్లీ, ఆండ్రూ ఆడమ్స్ తదితరులు స్టాన్‌ఫర్డ్, అడోబీ పరిశోధకులతో కలిసి 2012లో వెలువరించిన ఈ భాష ఫొటోల ప్రాసెసింగ్‌కు ఉద్దేశించినది. ఫొటోను మసకబార్చాలంటే ప్రతి పిక్సెల్ స్థానంలో దాని చుట్టుపక్కల పిక్సెళ్ల సగటును, మొదట అడ్డంగా, తరువాత నిలువుగా లెక్కించి ఉంచాలి. సూత్రం రెండు వరుసలదే అయినా, వేగం కోసం బొమ్మను చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రాసెసర్ కోర్లన్నింటికీ పని పంచే ఏర్పాట్లు సీ ప్లస్ ప్లస్‌లో చేర్చేసరికి అసలు సూత్రం ఆనవాలు పట్టలేనంతగా కలిసిపోతుంది. హేలైడ్‌లో ఏమి లెక్కించాలో చెప్పే సూత్రం ఒకచోట, ఏ వరుసలో లెక్కించాలో చెప్పే ప్రణాళిక మరొకచోట ఉంటాయి కనుక, ప్రణాళికను ఎన్నిసార్లు మార్చినా ఫలితం చెక్కుచెదరదు. ఒక మెగాపిక్సెల్‌కు మామూలు సీ ప్లస్ ప్లస్ కోడ్ 9.94 మిల్లీసెకన్లు తీసుకుంటే, నిపుణులు చెమటోడ్చి మలచిన కోడ్‌కూ, హేలైడ్ కోడ్‌కూ 0.90 మిల్లీసెకన్లే పట్టింది. ఆ తరువాత హేలైడ్ ఫొటోషాప్‌లోకీ, గూగుల్ పిక్సెల్ ఫోన్ల కెమెరాలోకీ చేరింది.

అయితే మంచి ప్రణాళిక రాయాలంటే ప్రాసెసర్ లోతుపాతులు తెలిసి ఉండాలి, ఫొటోల గణితం మాత్రమే తెలిసినవారికి అది కొరుకుడుపడదు. ఈ భారాన్ని మనిషి మీద నుంచి, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ మీదికి మళ్లించినది బెంగళూరు ఐఐఎస్‌సీలో రవితేజ ముళ్లపూడి, వినయ్ వాసిస్ట, ఉదయ్ బొండుగుల 2015లో ప్రకటించిన పాలీమేజ్. మరుసటి ఏడాది హేలైడ్‌కే ప్రణాళికను తనంతట తాను కూర్చే సాధనాన్ని వెలువరించిన బృందంలోనూ ముళ్లపూడి ఉన్నారు. మన దేశపు ప్రయోగశాల నుంచి వచ్చిన పాలీమేజ్ గర్వించదగినది, ఎందుకంటే అది మరో కొత్త భాషను చేర్చడంతో ఆగక వాడుకరికి ఎదురయ్యే అసలు కష్టాన్ని పట్టుకుంది.

ఇటువంటి శ్రద్ధ ఈ రంగంలో అరుదు. తోమాజ్ కోసార్ బృందం 2016లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, పరిశోధకుల దృష్టి కొత్త పద్ధతుల రూపకల్పన మీదనే నిలిచి, భాషలను వాడుకరుల చేత పరీక్షింపజేసే పనీ, నిర్వహణ పనీ వెనకబడ్డాయి. వేగాన్ని గడియారం కొలుస్తుంది. రంగ నిపుణులకు సులువన్న వాదనను మాత్రం ఆ నిపుణుల చేత రాయించి, ఎక్కడ తడబడుతున్నారో గమనించి కానీ నిరూపించలేము. ఆ పని నెలల తరబడి సాగుతుంది, దానికి దక్కే గుర్తింపు స్వల్పం, కనుకనే యువ పరిశోధకులు దాని జోలికి పోరు. కొత్త భాషతో వచ్చే ప్రతి సిద్ధాంత గ్రంథాన్నీ పరిశీలించేటప్పుడు, దానితో ప్రోగ్రాములు రాసి చూసిన రంగ నిపుణుల అనుభవాన్ని కూడా మన విశ్వవిద్యాలయాల పర్యవేక్షకులు, పరీక్షకులు తప్పనిసరిగా అడగాలి.