మైకు గేటు పద్యాన్ని మింగరాదు

శ్రీరామనవమికి, తిరునాళ్లకు పల్లెల్లో పద్యనాటకం ఆడించడం ఆనవాయితీ. ఇంటింటా చందాలు పోగుచేసి, నటులను, హార్మోనిస్టును పిలిపించి, మైకుసెట్టు మాట్లాడతారు. తీరా తెర లేచి నటుడు పద్యమెత్తుకుంటే, రాగం చివర సన్నగిల్లే చోట గొంతు తెగిపోతుంది. తర్వాతి మాటలో మొదటి అక్షరం వినపడదు. ఆ రాగానికే వన్స్‌మోర్ కొట్టే ప్రేక్షకులు నటుడి గొంతు పోయిందనుకుని లేచిపోతారు. చాలాసార్లు దోషం గొంతుది కాదు, మైకుసెట్టులోని గేటుది.

నేటి డిజిటల్ మిక్సర్లలో 'నాయిస్ గేట్' అనే ఏర్పాటు సర్వసాధారణమైంది. ఇది కాలువ తూముకు తలుపు వంటిది. నిర్ణయించిన మట్టానికి మించి శబ్దం వస్తే తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. దీనివల్ల మేలు లేకపోలేదు. మైకులన్నీ తెరిచి వుంచితే జనరేటర్ రొద, తెర వెనుక మాటలు కూడా స్పీకర్లలోకి వస్తాయి. పైగా తెరిచిన మైకులు రెట్టింపయితే, కూత పెట్టకుండా సెట్టును పెంచగల హద్దు సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. వాడని మైకు మూసుకుంటే ఆ మేరకు నయమే. అయితే తెరిచివున్న మైకు కూతను గేటు ఆపలేదు. అందుకు స్పీకర్లను మైకులకు ముందువైపు, జనం వైపు తిప్పి పెట్టడమే మార్గం.

గేటు పెట్టేందుకు ఒక పద్ధతి వుంది. జనరేటర్ నడుస్తుండగా, వేదికపై ఎవరూ మాట్లాడకుండా మీటరు చూడాలి. ఆ రొదకు కాస్త పైన, నటుడి అతి సన్నని రాగానికి కింద మట్టం నిర్ణయించాలి. ఆ రెంటి మధ్య ఎడం లేకపోతే గేటు తీసివేయడమే మేలు. తెరుచుకోవడం తక్షణం జరగాలి, మూసుకోవడం నిదానంగా జరగాలి. పూర్తిగా మూయకుండా 10 డెసిబెల్స్ మాత్రం తగ్గేట్టు పెడితే అక్షరం మింగుడుపడదు. తబలా మైకుకు గేటు పనికి వస్తుంది. నటుడికి దూరంగా వేలాడే మైకును హార్మోనియం మోత కూడా తెరిపిస్తుంది కనుక, అక్కడ ఆపరేటరు చేయే నమ్మదగినది.

తప్పంతా ఆపరేటర్లదే అనడం న్యాయం కాదు. పొద్దుగూకాక సామాను దింపించి, వెంటనే ఉపన్యాసాలు మొదలుపెట్టే కమిటీలదీ తప్పే. పొద్దుండగానే హార్మోనిస్టును, ఒక నటుణ్ణి కూర్చోబెట్టి అరగంట పరీక్షించుకునే వ్యవధి ఇవ్వాలి. బాక్సులు ఎన్ని అని బేరమాడే కమిటీలు ఈ అరగంటను కూడా బేరంలో చేర్చాలి. పద్యం పూర్తిగా వినిపించని నాటకానికి ఎంత చందా ఇచ్చినా దండగే.