పరదేశమందు నాటిన అనాస మొక్క

తోటపనివారి కుటుంబములలో ఒక విచారకరమైన సంగతి కానవచ్చుచున్నది. వేలకొలది మొక్కలను నాటి, కలుపు తీసి, కాయలు కోసి బండి కెక్కించు చేతులకు, తమ గుమ్మము ముందర తమదని చెప్పుకొనుటకు ఒక్క మొక్కయైనను ఉండదు. "నేల మనది కాదు, ఇల్లు మనది కాదు, రేపు ఎక్కడ నుందుమో తెలియదు. నాటి యేమి లాభము?" అని పెద్దలందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. అయినను ఈ మాటయే అనేక గృహములను బీడు చేయుచున్నది.

పూర్వము తెలుగువారు కూలి ఒప్పందములమీద మారిషసు, నేటాలు, ఫిజీ, మలయా తోటలకు పోయిరి. నేడు కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములనుండి అనేకులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. వానిలో బహ్రెయిను ఒక చిన్న ద్వీపరాజ్యము. అక్కడ సంవత్సరమంతటికి కురియు వాన సుమారు 3 అంగుళములు మాత్రమే. వేసవిలో వేడిమి 40 డిగ్రీలు దాటును. నేల సున్నము కలిసిన ఇసుక, పూర్వపు నీటిఊటలు పెక్కులు ఎండిపోయినవి, బావినీరు ఉప్పన. అది ఖర్జూరపు చెట్టునకు తగిన దేశము. అట్టి చోట అనాస పెరుగునా? పొలములో పెరుగుట దుర్లభము గాని, కుండలో పెరుగును.

ఏలయనగా ఈ మొక్క స్వభావము విచిత్రమైనది. అది పగటివేళ ఆకుల సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనమున తెరచి గాలిని లోనికి తీసికొనును. కావున దానిలోని తేమ తక్కువగా ఆవిరియగును. దానికి లోతైన నేల అక్కరలేదు. విత్తనము కొననక్కరలేదు. తినిన పండు నెత్తిమీది ఆకుల పిలకయే చాలును. దానిని మెలిపెట్టి తీసి, క్రింది చిన్న ఆకులను ఒలిచి, నాలుగైదు దినములు నీడను ఆరబెట్టవలెను. పచ్చిగా నాటినచో కుళ్లిపోవును. పిమ్మట అడుగున బెజ్జముగల కుండలో కొబ్బరిపొట్టును, కొంచెము ఇసుకను, చివికిన ఎరువును కలిపి నాటవలెను. రెండు నెలలలోపుగా వేరు తన్నును. బావినీటి ఉప్పు దానికి హాని. ఏసీ యంత్రమునుండి బొట్లుబొట్లుగా కారి వ్యర్థమగు నీటిలో ఉప్పు ఉండదు గనుక దానిని పట్టి పోయవచ్చును. ఉదయపు ఎండ మంచిది. వేసవి మధ్యాహ్నములయందు ఆరుబయట పనిని ఆ దేశపు ప్రభుత్వము నిషేధించియున్నది. మనుష్యునికి తగదన్న ఎండలో లేత మొక్కను ఉంచుటయు తగదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ కలదు. పిలకనుండి పండు వచ్చుటకు రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు మూడేండ్లు పట్టును. ఒక మొక్కకు వచ్చునది ఒక్క పండే. పని అనుమతియో, ఒకటి రెండేండ్లకే దొరకును. బజారులో పండు కొనుట సులభము కదా! లెక్క చూచినచో ఈ ఆక్షేపణ సరియైనదే. ఒక కుండ కుటుంబమును పోషింపదు. న్యాయమైన కూలిని, మంచినీటిని, నీడను ఇయ్యవలసిన యజమానుని బాధ్యతను తగ్గింపను తగ్గింపదు. మొక్కను చూపి ఆ బాధ్యతను మరపింప యత్నించువాడు మోసగాడు.

అయినను మనుష్యుడు కూలి లెక్కవలన మాత్రమే జీవింపడు. యెరూషలేమునుండి బబులోనునకు చెరగా పోయినవారికి యిర్మీయా ప్రవక్త వ్రాసి పంపిన పత్రికలో, త్వరగా తిరిగి వత్తురని ఆశ పెట్టలేదు. ఆ పరదేశమందే ఇండ్లు కట్టుకొని తోటలు నాటుకొనుడని చెప్పెను. ఆ బబులోను గుండ పారిన యూఫ్రటీసు నీరు నేటికిని బహ్రెయిను చుట్టునున్న సముద్రములోనే కలియుచున్నది. ఆ మాట రాజులకు గాని భూస్వాములకు గాని చెప్పబడలేదు. తిరిగి పోవు దినము తమ చేతిలో లేనివారికి చెప్పబడెను.

అనాసయు మన దేశములో పరదేశియే. 1493వ సంవత్సరమున కొలంబసు దానిని గ్వాడెలూపు దీవిలో చూచెను. తరువాత పోర్చుగీసువారు హిందూదేశమునకు తెచ్చిరి. నేడు సీతంపేట మన్యములో గిరిజనులు కొండవాలులమీద దానిని తమ సొంత పంటగా పండించుచున్నారు. ఎవరో ఒకరు తొలి పిలకను నాటకపోయినచో ఇది ఎట్లు కలుగును?

పండు ఇచ్చిన తల్లిమొక్క క్రమముగా క్షీణించును. గాని దాని ప్రక్కను పిలకలు లేచును, అవి నెత్తిపిలకకంటె త్వరగా కాయును. కూలివాని బ్రతుకునకు ఇంతకంటె తగిన పాఠము లేదు. అనుమతి ముగిసి ఇంటికి పోవువాడు తన కుండను గదిలోని తోటివానికి అప్పగించి పోవలెను. ఇంటిలోని తల్లి, తండ్రి పరదేశమునకు పోయిన దినముననే బిడ్డచేత ఒక పిలకను నాటింపవలెను. అప్పుడు ఆ బిడ్డ తండ్రి రాకకై గోడమీది దినములను మాత్రమే లెక్కింపక, ఆకులను లెక్కించుట నేర్చుకొనును. తండ్రి తిరిగి వచ్చునప్పటికి ఆ యింట అతని కొరకు కాచియుండిన వస్తువొకటి ఉండును. అది ఎవరి తోటనుండియు కోసినది కాదు.